వదంతులతో వచ్చిన యుద్ధం

యుద్ధాలను గురించి పాఠ్యపుస్తకాలు చెప్పేవి ప్రధానంగా తేదీలు, సంధులు, సేనానుల పేర్లు. 1914 జూన్ 28న సరాయెవో నగరంలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగినదనీ, ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించినదనీ, 1939 సెప్టెంబరు 3న రెండవ పర్యాయం అదే ప్రకటన వెలువడినదనీ విద్యార్థులు కంఠస్థం చేస్తారు. అయితే సముద్రానికి దూరంగా, కుశస్థలీ నదీతీరాన ఉన్న పళ్ళిపట్టు వంటి ఊరికి ఆ యుద్ధాలు ఏ రూపంలో వచ్చాయన్న ప్రశ్నకు ఆ పుస్తకాలలో జవాబు దొరకదు. ఈ సీమపై ఫిరంగి గుండు పడలేదు. శత్రు సైనికుడు ఈ నేలపై అడుగు పెట్టలేదు. అయినా ఇక్కడి పెద్దల తరం యుద్ధభయాన్ని ఎరుగును. ఆ భయం మాటల రూపంలో వచ్చింది. ఆ మాటలలో కొన్ని నిజాలు, కొన్ని అబద్ధాలు, ఎక్కువ భాగం రెండూ కలిసినవి.

ఆనాటి పళ్ళిపట్టు కార్వేటినగరం జమీందారీ సీమలోనిది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు చెందినది. మద్రాసు ఇక్కడికి దాదాపు నూరు కిలోమీటర్ల దూరం. పట్నపు వార్త రైలుమార్గాన తిరుత్తణి వరకు వచ్చి, అక్కడినుండి బండ్ల మీద, సంతకు వెళ్ళివచ్చేవారి నోట ఊళ్ళకు చేరేది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక మద్రాసునుండి దినపత్రికగా వెలువడనారంభించినది 1914 ఏప్రిల్ 1న. యుద్ధం మొదలయ్యేనాటికి ఆ దినపత్రిక వయసు నాలుగు నెలలు. చదువు వచ్చినవారు తక్కువ. ఒకరు చదువుతుంటే పదిమంది వినేవారు. ఆ పదిమంది మరి నూరుమందికి చెప్పేవారు. చెప్పిన ప్రతివారి వద్దా వార్తకు చిలవలు పలవలు పుట్టేవి.

ఎమ్డన్ వచ్చిన రాత్రి

1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతాన జర్మను యుద్ధనౌక ఎమ్డన్ దీపాలన్నీ ఆర్పుకొని మద్రాసు తీరాన్ని సమీపించింది. దాని అధిపతి కార్ల్ ఫాన్ ముల్లర్. ఎదుట రేవు దీపాలు, దీపస్తంభం యథాప్రకారం వెలుగుతున్నాయి. ఎమ్డన్ తన సెర్చిలైట్లను వెలిగించి బర్మా ఆయిల్ కంపెనీ చమురు తొట్లపై గుళ్ళ వర్షం కురిపించింది. సుమారు 130 గుండ్లు ప్రయోగించి, కొద్ది సేపటికే చీకటిలో కలిసిపోయింది. చమురు తొట్లు అంటుకొని మండాయి. రేవులోని ఒక వర్తక నౌక దెబ్బతిన్నది. మరణించినవారు వేళ్ళమీద లెక్కింపదగినంతమంది. ఆ దాడిని స్మరించే ఫలకం హైకోర్టు ప్రాంగణపు గోడలో నేటికీ ఉన్నది.

చమురు మంట ఆరిపోయింది గాని భయం అంత త్వరగా చల్లారలేదు. వేలాది జనం మూటాముల్లె సర్దుకొని రైళ్ళలోను, బండ్లలోను, కాలినడకను పట్నం విడిచారు. వర్తకం స్తంభించింది. ఎమ్డన్ మళ్ళీ వస్తుందని, ఈసారి సైన్యాన్ని దింపుతుందని మాటలు పుట్టాయి. వాస్తవానికి ముల్లర్ కోరుకున్నది ఇదే. చమురును తగులబెట్టడంతోపాటు ఈ దేశ ప్రజలలో సంచలనం కలిగించి, వర్తకాన్ని కలవరపరచి, ఆంగ్లేయుల ప్రతిష్ఠకు దెబ్బతీయాలన్నది తన ఉద్దేశమని అతడు వెల్లడించాడు. తుపాకిమందు చేయగల పని కొంత. మిగిలిన పని వదంతి చేసిపెట్టింది.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించాలి. ఎమ్డన్‌ను గురించిన అద్భుత కథలకు కొంత ఆధారం లేకపోలేదు. ఆ నౌకకు మూడే పొగగొట్టాలు. దానిని బ్రిటిషు నౌకగా భ్రమింపజేయడానికి నాలుగవ దానిని కృత్రిమంగా నిలబెట్టారు. సెప్టెంబరు 10 మొదలుకొని బంగాళాఖాతంలో అది వరుసగా వర్తక నౌకలను పట్టుకొని ముంచుతూ వచ్చింది. ఈ నిజాలే చాలు, దానిని మాయానౌకగా చిత్రించడానికి. నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ చేతిలో ఎమ్డన్ నాశనమైంది. మద్రాసుపై దాడి జరిగిన నాటికి, ఈ నాటికి మధ్య ఏడు వారాలు మాత్రమే. అయినా గడుసువాడిని, సాహసిని ఎమ్డన్ అని పిలిచే అలవాటు తమిళంలో నిలిచిపోయింది.

వదంతి పామరులకే పరిమితమని అనుకోవడం పొరపాటు. దాడి జరిగిన రాత్రి మద్రాసులోని దొరలు, ఎమ్డన్ మునిగిపోయినదన్న వార్త విని విందు చేసుకుంటున్నారని ఆ నౌకలోని అధికారి ఫాన్ మూకె తన పుస్తకంలో రాశాడు. ఆయన విందును చూడలేదు; సముద్రం మీద ఉన్నాడు. అది ఆయన తరువాత విన్న మాట. ఒక వదంతిని నమ్మి దొరలు మోసపోయారన్న ఆ కథ కూడా వినికిడే కావడం చరిత్ర విద్యార్థి గుర్తుంచుకోదగినది. అదే కాలంలో ఇంగ్లండులో వేలాది రష్యను సైనికులు, బూట్లపై మంచుతో, రైళ్ళలో తమ దేశం మీదుగా వెళ్తుండగా చూశామని చదువుకున్నవారే చెప్పుకున్నారు. అటువంటి సైన్యమేదీ ఆ దారిన వెళ్ళలేదు.

కుట్ర కథ, దాని పరీక్ష

ఎమ్డన్ వెనుక ఒక రహస్య పథకం ఉన్నదని, తిరువనంతపురంలో పుట్టిన విప్లవవీరుడు చెంపకరామన్ పిళ్ళై ఆ నౌకలో ఉండి దారి చూపినాడని ఒక కథ బహుళ ప్రచారంలో ఉన్నది. దేశభక్తులకు ప్రియమైన కథ ఇది. అయితే ప్రియమైనంత మాత్రాన నిజం కాదు. దీనిని పరీక్షించడానికి గొప్ప పరిశోధన అవసరం లేదు. ఒక పటము, కొన్ని తేదీలు చాలు.

యుద్ధానికి పూర్వం ఎమ్డన్ చీనాదేశంలోని త్సింగ్‌తావ్ రేవులో ఉండేది. 1914 జూలై చివరి దినాన ఆ రేవును విడిచింది. ఆగస్టు మధ్యలో పసిఫిక్ సముద్రంలోని పగాన్ దీవి వద్ద తక్కిన జర్మను నౌకలనుండి విడివడి, ఒంటరిగా హిందూ మహాసముద్రం వైపు సాగింది. పిళ్ళై ఆ సంవత్సరం స్విట్జర్లండులోని జూరిచ్‌లో ఉండి భారత స్వాతంత్ర్యానికై సమితిని స్థాపించాడు. తరువాత బెర్లిను చేరి అక్కడి భారతీయ విప్లవకారులతో కలిసి పనిచేశాడు. ఐరోపా నడిబొడ్డున ఉన్న మనిషి పసిఫిక్ నుండి బయలుదేరిన నౌకను సముద్రమధ్యంలో ఎక్కే మార్గం కనిపించదు. పిళ్ళై దేశసేవ నిజం. ఆయన త్యాగానికి ఎమ్డన్ కథ అవసరం లేదు. అబద్ధపు ఆభరణం తొడిగితే అసలు బంగారాన్ని కూడా జనం అనుమానిస్తారు.

మగ్గం, రూపాయి

అన్ని వదంతులూ అబద్ధాలే అని తీర్మానించడం కూడా న్యాయం కాదు. నేతపని జీవనాధారమైన ఈ ప్రాంతానికి ఒక ఉదాహరణ చాలా సమీపంగా ఉంటుంది. 1914 నాటికి మన దేశపు నేతగాండ్రు వాడే కృత్రిమ రంగులలో అధిక భాగం జర్మనీనుండి వచ్చేవి. యుద్ధం మొదలుకాగానే ఆ సరఫరా ఆగింది. రంగుల ధర అమితంగా పెరిగింది. జర్మను రసాయనశాలల పోటీతో క్షీణించిన నీలిమందు పంట మద్రాసు రాష్ట్రంలో తిరిగి తలయెత్తింది. ఇక రంగు దొరకదట అన్న మాట నేతగాని చెవిన పడినప్పుడు అది గాలివార్త కాదు. అతని పొయ్యికి సంబంధించిన వార్త.

రూపాయి కథ కూడా ఇటువంటిదే. లోహపు నాణేలకు అలవాటుపడిన ప్రజలకు 1917లో మొదటిసారిగా రూపాయి కాగితపు నోటు ఇచ్చినప్పుడు దాని విలువ నిలుస్తుందా అన్న శంక సహజంగా కలిగింది. కొంతకాలానికి ఆ నోటును నిలిపివేశారు. 1940 జూన్‌లో ఫ్రాన్సు పతనమైన వార్త రాగానే దేశమంతటా జనం వెండి రూపాయలను దాచుకోసాగారు. అవసరానికి మించి నాణేలు కూడబెట్టడం నేరమని ప్రభుత్వం ప్రకటించి, రూపాయి నోటును మళ్ళీ ప్రవేశపెట్టింది. వెండి పోతుందట అన్న వదంతిని అధికారులు ఖండించే ఉంటారు. కాని ఆ సంవత్సరమే రూపాయిలోని వెండి పన్నెండింట పదకొండు పాళ్ళనుండి సగానికి తగ్గింది. 1947లో నికెలు రూపాయి వచ్చి వెండి పూర్తిగా తొలగిపోయింది. కుండలో రూపాయలు దాచిన అవ్వను ఆర్థికశాస్త్రం తెలియనిదని పరిహసించేవారు ఈ సంగతిని ఒకసారి తలచుకోవాలి.

1942: పొగ ఉన్నది, నిప్పు లేదు

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. 1942 వేసవిలో మద్రాసు నగరం ఈ సామెతను తలకిందులు చేసింది.

ఆ సంవత్సరపు మొదటి నెలలలో వార్తలన్నీ భయంకరమైనవే. అభేద్యమని చాటిన సింగపూరు కోట ఫిబ్రవరి 15న జపానుకు లొంగిపోయింది. మార్చి 8న రంగూను పడిపోయింది. మార్చి 23న అండమాను దీవులలో జపాను సైన్యం దిగింది. రంగూనులో రేవుపనులు, మిల్లుపనులు చేసుకొని బ్రతికే తెలుగువారు అసంఖ్యాకులు. 1941 డిసెంబరు 23, 25 తేదీలలో ఆ నగరంపై బాంబులు పడిన తరువాత వారు పడవలలోను, కొండదారుల వెంట కాలినడకను స్వదేశానికి తరలివచ్చారు. దారిలో ఆప్తులను పోగొట్టుకొని వచ్చినవారు చెప్పిన మాటలు వదంతులు కావు. అవి కన్నీళ్ళతో చెప్పిన ప్రత్యక్ష సాక్ష్యాలు. సింగపూరుకు ఢోకా లేదని ప్రభుత్వం చెప్పినది, సింగపూరు పోయింది. కాందిశీకులు చెప్పినది నిజమైంది. అటుపైన జనం ఎవరి మాట నమ్ముతారో ఊహించడం కష్టం కాదు.

ఏప్రిల్ 5న కొలంబోపై, 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేశాయి. తెలుగు తీరానికి యుద్ధం నిజంగా వచ్చిన రోజు అది. విశాఖనుండి జనం పెద్దయెత్తున లోతట్టు ప్రాంతాలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు మారింది.

ఆ మరునాడే మద్రాసు అధికారులకు ఒక సమాచారం అందింది. శత్రు నౌకాదళం దక్షిణ భారత తీరంవైపు వస్తున్నదని, సైన్యాలు దిగవచ్చునని విమాన పరిశీలకుల నివేదిక. గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ప్రభుత్వం దీనిని నమ్మింది. కార్యాలయాలను లోపలి పట్టణాలకు తరలించసాగింది. హైకోర్టు కోయంబత్తూరుకు మారింది. నగరంలో పనిలేనివారు విడిచి వెళ్ళడం మంచిదని ప్రకటన వెలువడింది. బాంబులు పడి బోనులు పగిలితే క్రూరమృగాలు వీధులలో పడగలవన్న భయంతో పీపుల్స్ పార్కు జంతుప్రదర్శనశాలలోని సింహాలను, పులులను, చిరుతలను, ఎలుగుబంట్లను తుపాకులతో కాల్చి చంపారు.

ప్రభుత్వమే మూటలు కట్టుకోగా చూచిన ప్రజలు ఊరకుంటారా? 1941 జనాభా లెక్కల ప్రకారం ఏడు లక్షల డెబ్భైయేడు వేలమంది నివసించే నగరంనుండి లక్షలాది జనం బయలుదేరారు. రైళ్ళలో నిలువ చోటు లేదు. దక్షిణానికి, పడమటికి, ఉత్తరానికి ఏ దారి దొరికితే ఆ దారి పట్టారు.

తీరా చూస్తే ఆ నివేదిక పొరపాటు. మద్రాసువైపు దండయాత్రకు వచ్చిన నౌకాదళమేదీ లేదు. ఏప్రిల్ 9న తిరుకోణమలైపై దాడిచేసిన అనంతరం జపాను విమానవాహక నౌకలు ఈ సముద్రాన్ని విడిచిపోయాయి. అవి పోయిన తరువాత కూడా నగరం ఖాళీ అవుతూనే ఉన్నది. బాంబుకు బలికాని మృగాలు భయానికి బలి అయ్యాయి.

ఇందులోని వింతను గమనించండి. ఆనాటి భారత రక్షణ నిబంధనల క్రింద ప్రజలలో భయాందోళనలు కలిగించే వదంతులు వ్యాపింపజేయడం నేరం. వదంతులను ఎదుర్కొనడానికే నేషనల్ వార్ ఫ్రంట్ అనే ప్రచార సంస్థను 1942లో నెలకొల్పారు. కాని ఆ సంవత్సరం మద్రాసు రాష్ట్రంలో అన్నిటికంటె పెద్ద కలవరానికి మూలం సంతలో పుట్టిన మాట కాదు. అది అధికార ముద్రతో వచ్చిన మాట. దానిని నమ్మినందుకు ఏ పౌరుని నిందించగలం?

1943 అక్టోబరులో ఒక జపాను విమానం నిజంగానే మద్రాసు మీదికి వచ్చి రేవు ప్రాంతంలో బాంబులు వేసింది. నష్టం స్వల్పం. అప్పుడు 1942లో వలె నగరం ఖాళీ కాలేదు. శత్రువు రాని నాడు పరుగెత్తిన నగరం, వచ్చిన నాడు నిలబడింది.

త్రాడు, పాము

చీకటిలో త్రాడును చూచి పామని భ్రమించే ఉదాహరణను మన వేదాంతులు తరచు చెబుతారు. ఆ భ్రమకు కావలసినవి మూడు: త్రాడు ఉండాలి, చీకటి ఉండాలి, పాము భయం మనసులో ముందే ఉండాలి. వదంతికి కూడా ఈ మూడే మూలాలు. ఎమ్డన్ త్రాడు. వార్తలు తెలియకపోవడం చీకటి. పరాయి పాలనలో తమ మంచిచెడ్డలు ఎవరికీ పట్టవన్న అనుమానం మనసులోని పాము.

ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా సైనికుడు. యుద్ధకాలపు అసత్య వార్తలను గురించి 1921లో ఆయన ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో ఒక చిన్న సంఘటన ఉన్నది. పట్టుబడిన ఒక జర్మను సైనికుడు తన ఊరు బ్రెమెన్ అని చెప్పాడు. ఫ్రెంచి సైనికుల చెవికి అది తమ వెనుకనే ఉన్న బ్రేన్ అనే ఊరి పేరుగా వినిపించింది. అంతటితో, ఆ మనిషి యుద్ధానికి ముందు బ్రేన్‌లో వర్తకుడుగా కాపురమున్న గూఢచారి అని కథ అల్లుకున్నది. చెవి చేసిన తప్పు చిన్నది. జర్మను గూఢచారులు అంతటా ఉన్నారన్న నమ్మకం ముందే ఉండబట్టి ఆ తప్పు కథగా ఎదిగింది. మనసు దేనిని నమ్మడానికి సిద్ధంగా ఉన్నదో చెవికి అదే వినిపిస్తుంది.

ఇది పూర్వకాలపు సంగతి అని తోసివేయడానికి వీలులేదు. బండి మీద వారానికి వచ్చే వదంతి ఇప్పుడు అరచేతిలోని ఫోనుకు క్షణంలో వస్తున్నది. 1914లో వార్త దొరకకపోవడం చీకటి. నేడు వార్తలు వరదగా రావడం మరొక విధమైన చీకటి.

పళ్ళిపట్టువారికి ఒక కర్తవ్యం

ఈ విషయం పళ్ళిపట్టువారికి ప్రత్యేకంగా ఎందుకు ముఖ్యమో చెప్పి ఈ వ్యాసాన్ని ముగించవచ్చు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌నుండి మద్రాసు రాష్ట్రంలో చేరి చెంగల్పట్టు జిల్లా భాగమైంది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది. కనుక నేటి తిరువళ్ళూరు జిల్లా విద్యార్థి 1914, 1942 నాటి తన ఊరి చరిత్రను చిత్తూరు జిల్లా పేరున వెదకాలి. ఆ సంగతి తెలియనివాడు తన ఊరికి చరిత్రయే లేదని అనుకొనే ప్రమాదం ఉన్నది. కాగితం చేతికి అందని చోట నోటిమాట ఒక్కటే మిగులుతుంది. ఆ నోటిమాటలో చూచినది, విన్నది, ఊహించినది కలగలిసి ఉంటాయి.

పట్నంనుండి వచ్చిన బంధువులకు ఆ వేసవిలో ఆశ్రయమిచ్చిన ఇళ్ళు, రంగు దొరకక మగ్గం ఆగిన ఇళ్ళు, వెండి రూపాయలు పాతిపెట్టిన ఇళ్ళు ఈ చుట్టుపక్కల ఉంటే, ఆ సంగతులు తెలుగులో మాట్లాడే పెద్దల జ్ఞాపకాలలోనే ఉంటాయి. 1942లో పదేళ్ళ వయసున్నవారు నేడు తొంబది దాటినవారు. వారు ఎంతోమంది లేరు. పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు తమ ఇంటి పెద్దలను కూర్చోబెట్టి వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాసిపెట్టవలసిన సమయం ఇది. వ్రాసేటప్పుడు మూడు ప్రశ్నలు తప్పక అడగాలి. ఇది మీరు స్వయంగా చూశారా? చూడకపోతే ఎవరు చెప్పారు? చెప్పినవారికి ఎలా తెలిసింది? జవాబులను మూడు వరుసలుగా విడదీసి తేదీ వేసి భద్రపరచాలి.

ఈ పనికి పెద్ద చదువులు అవసరం లేదు. తొమ్మిదవ తరగతి విద్యార్థి, ఒక నోటుపుస్తకం, ఓపికగా మాట్లాడే ఒక అవ్వ ఉంటే చాలును. ఆ విద్యార్థి తన ఊరి చరిత్రను కాపాడినవాడవుతాడు. రేపు ఎవరైనా యుద్ధం వస్తున్నదట అని చెప్పినప్పుడు, పరుగెత్తే ముందు ఎవరు చూశారు అని అడగగలిగినవాడు కూడా అతడే అవుతాడు.